డిశ్చార్జి తర్వాత ఊపిరిని కూడా కొలవండి: ఒక అక్క బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేస్తున్న డాక్టర్లకు, తెలంగాణ ఆరోగ్యశ్రీ ట్రస్టు అధికారులకు,

నమస్కారం.

నేను డాక్టర్‌ని కాదు. ఉప్పల్ దగ్గర ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ వస్తే, మార్పిడికి రక్తం తయారుచేసే మూలకణాలు ఇచ్చింది నేనే. నాలుగేళ్ళు దాటింది. క్యాన్సర్ మళ్ళీ రాలేదు. వాడు ఇవాళ మా కళ్ళ ముందు తిరుగుతున్నాడంటే మీలాంటి డాక్టర్ల పుణ్యమే, ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఒక్కరోజు కూడా మర్చిపోం. కానీ వాడి ఊపిరితిత్తులు ఇప్పుడు సగం కూడా పనిచెయ్యడం లేదు. ఆ నష్టం మొదలవుతున్న రోజుల్లోనే దాన్ని పట్టుకోగల స్పైరోమెట్రీ అనే పరీక్ష ఒకటి ఉంది, ఎంతోసేపు పట్టదు. మాకు దాని సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పరీక్ష గురించే మీకు రాస్తున్నాను.

ముందు వార్డులో రోజులు చెప్తాను. అక్కడ వాడి ఊపిరిని మీవాళ్ళు కంటికి రెప్పలా కాచారు. గాలి వడపోసే గది. లోపలికి వెళ్ళాలంటే మాస్కు, గౌను, మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం. మార్పిడి అయిన 15వ రోజున రక్తకణాల కౌంట్లు లేస్తున్నాయని అమ్మ సంతోషపడుతుండగానే సాయంత్రానికి జ్వరం, ఒంటిమీద ఎర్ర దద్దులు. వేలికి పెట్టిన క్లిప్‌లో ఆక్సిజన్ 89 చూపించింది. నర్సు ఫోన్ చేసిన ఇరవై నిమిషాల్లో డాక్టరమ్మ వచ్చారు. కొత్త కణాలు కుదురుకునేటప్పుడు ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని, ఇన్ఫెక్షన్ కూడా అయి ఉండొచ్చని చెప్పి, రెండింటికీ మందులు మొదలుపెట్టారు. ఆ రాత్రే స్కాన్ తీశారు. మూడో రోజుకి వాడు లేచి కూర్చుని ఉప్మా అడిగాడు.

ఆ తొలి మూడు నెలల్లో ఊపిరితిత్తులకు ఎన్ని వైపుల నుంచి ప్రమాదమో తర్వాత తెలుసుకున్నాను. ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న సైటోమెగలో వైరస్ లేవచ్చు. గాలిలో తిరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు లోపల పాతుకుపోవచ్చు. ఏ క్రిమీ దొరక్కుండానే ఊపిరితిత్తులు వాచిపోవచ్చు, లోపల రక్తం కారవచ్చు. మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ లాంటి కీమో మందులు, రేడియేషన్ కూడా ఊపిరితిత్తుల్ని దెబ్బతీయగలవు. మీకు ఇవన్నీ తెలుసు కాబట్టే అక్కడ గంట గంటకూ చూస్తారు. నేను రాసేది ఆ తర్వాతి కాలం గురించి. వంద రోజులు గడిచాయి, రిపోర్టులు బాగున్నాయి, ఇక నెలకోసారి రండి అన్నారు. వెళ్ళిన ప్రతిసారీ రక్తం తీశారు, లివర్ చూశారు, కిడ్నీ చూశారు. ఊపిరిని మాత్రం ఎవరూ కొలవలేదు.

అయిదో నెలలో వాడి నోరు ఎండిపోవడం మొదలైంది, కారం నాలుకకి తగిలితే మంట. కళ్ళు ఎర్రబడి ఇసుక పడ్డట్టు ఉండేవి. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ అన్నారు. అంటే దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా చూసి దాని మీదే పోట్లాటకు దిగడం. కళ్ళకి చుక్కలు, నోటికి పుక్కిలించే మందు ఇచ్చారు. అదే పోట్లాట ఊపిరితిత్తుల్లోనూ జరగొచ్చని ఆ రోజు ఎవరైనా ఒక్క మాట అని ఉంటే మేం దగ్గుని ఇంకోలా చూసేవాళ్ళం.

ఎనిమిదో నెలలో పొడిదగ్గు పట్టుకుంది. రాత్రి కాసేపు, పొద్దున కాసేపు. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. వాడు కింద నుంచి వస్తూ రెండో అంతస్తు మలుపులో ఆగి ఫోన్ చూసుకునేవాడు. ఓసారి కూరగాయల సంచితో నేను వెనకే వస్తుంటే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఏందిరా ఆగినవ్?" అంటే, "ఏం లేదక్కా, మెసేజ్ వచ్చింది, చూస్తున్న" అన్నాడు. ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా అని కసురుకున్నాను కూడా. ఆ స్క్రీన్ నల్లగా ఉందని నాకు అప్పుడే కనిపించింది. కనిపించినా అర్థం కాలేదు. వాడు అక్కడ ఊపిరి కూడదీసుకుంటున్నాడు. మేం టెన్షన్ పడతామని రోజూ ఫోన్ అడ్డం పెట్టుకున్నాడు.

మా వీధి క్లినిక్‌లో అలర్జీ అన్నారు. దగ్గు సిరప్ ఇచ్చారు. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజుల కోర్సు ఇచ్చారు, అది రెండుసార్లు వాడాం. ఎక్స్‌రే తీయిస్తే క్లియర్ అని వచ్చింది. ఇంకొకరు టీబీ అనుమానపడి కళ్ళె పరీక్ష చేయించారు. మన దేశంలో టీబీ అనుమానం ముందు రావడం న్యాయమే, అది చూడాల్సిందే. అది లేదని తేలాక మాత్రం అందరూ అక్కడే ఆగిపోయారు. ట్రాన్స్‌ప్లాంట్ చేసిన చోట చెకప్‌కి వెళ్ళినప్పుడు దగ్గు సంగతి చెప్పాం. క్యూ పెద్దదిగా ఉంది. కౌంట్లు బాగున్నాయి, చల్లగాలికి తిరక్కండి అన్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఆ గదిలో ఆ రోజు ఎంతమంది రోగులున్నారో నేను చూశాను. ఊపిరి కొలిచే పరీక్షని గుర్తున్నప్పుడు చేసేదిగా వదిలేస్తే ఇంత రద్దీలో అది జరగదు. అందుకే మార్పిడి చేయించుకున్న ప్రతివాళ్ళ కాగితం మీద అది తేదీతో సహా ముందే రాసి ఉండాలి.

పదమూడో నెలలో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి మా అంతట మేమే వెళ్ళాం. ఆయన మార్పిడి సంగతి వినగానే పెన్ను పక్కన పెట్టి, "పీఎఫ్‌టీ ఎప్పుడు చేశారు?" అని అడిగారు. పీఎఫ్‌టీ అంటే ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో కొలిచే పరీక్ష. మార్పిడికి ముందు చేసింది తప్ప ఇంకేం లేదన్నాం. వెంటనే స్పైరోమెట్రీకి పంపారు. ముక్కుకి క్లిప్ పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, టెక్నీషియన్ అబ్బాయి వాడి ఎదురుగా వంగి నిలబడ్డాడు. "గట్టిగా పీల్చు అన్నా. ఇప్పుడు ఊదు! ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఆపకు!" తమ్ముడి మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళొచ్చాయి. స్క్రీన్ మీద గీత కొంచెం లేచి, వెంటనే లోపలికి కుంగి, నేల మీద పాకినట్టు సాగింది. రోజూ బోర్డు మీద గ్రాఫులు గీసేదాన్ని. ఆ గీత బాగాలేదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

మొదటి సెకనులో ఎంత గాలి బయటికి ఊదగలరో దాన్ని ఎఫ్‌ఈవీ1 అంటారు. మార్పిడికి ముందు వాడిది 3.4 లీటర్లు. వాడి వయసుకి, ఎత్తుకి ఉండాల్సిన దానిలో 92 శాతం. ఆ రోజు 1.5 లీటర్లు, 41 శాతం. తర్వాత సీటీ తీశారు. గాలి నిండా పీల్చి ఒకటి, పూర్తిగా వదిలేసి ఇంకొకటి. పీల్చి తీసిన దాంట్లో పెద్దగా తేడా లేదు. వదిలి తీసిన దాంట్లో గాలి బయటికి రాలేక ఇరుక్కుపోయిన చోట్లు నల్లటి మచ్చల్లా కనిపించాయి. బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్ అని పేరు చెప్పారు, పొట్టిగా బీఓఎస్ అంటారు. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు వాచి, ఆ వాపు మచ్చకట్టి, గొట్టాలు మూసుకుపోతాయి. ఒకసారి మచ్చకట్టిన గొట్టం మళ్ళీ తెరుచుకోదు. మందులు చేయగలిగింది చాలామందిలో ఉన్నదాన్ని నిలబెట్టడమే.

ఇది లక్షకొకరికి వచ్చే జబ్బు కాదు. వేరొకరి కణాలు తీసుకున్నవాళ్ళలో నూటికి సుమారు అయిదుగురికి, దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో నూటికి సుమారు పద్నాలుగు మందికి వస్తుందని పరిశోధనల్లో ఉంది. ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. మైలోమా అనే ఒక రకం రక్త క్యాన్సర్ లాంటి జబ్బులకి తమ కణాలే తమకి తిరిగి ఎక్కించుకున్నవాళ్ళకి ఈ భయం దాదాపు లేదు. ఈ జబ్బు మొదట్లో ఏ బాధా చూపించదు. ఆయాసం బయటపడే సరికే ఊపిరి చాలా వరకు పోయి ఉంటుంది, ఎందుకంటే మనిషి తనకి తెలియకుండానే నడక తగ్గించేసుకుంటాడు. 2014లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) నిపుణులు ఖరారు చేసిన కొలత ప్రకారం ఎఫ్‌ఈవీ1 75 శాతం కంటే తగ్గి, రెండేళ్ళలోపు 10 శాతమో అంతకు మించో పడిపోయి, మిగతా గుర్తులు కలిస్తే బీఓఎస్ అంటారు. లెక్కల టీచర్‌గా నాకు ఇక్కడ ఒక్కటే తోస్తుంది. ముందు ఎంత ఉందో, మధ్యలో ఎంత ఉందో రాసి పెట్టుకోకపోతే పడిపోయిందని ఎలా తెలుస్తుంది? మా తమ్ముడి గ్రాఫులో రెండే చుక్కలున్నాయి. 92, ఆ తర్వాత 41. మధ్యలో పదమూడు నెలల ఖాళీ. ఆ ఖాళీలో ఎక్కడో 80 ఉంది, 70 ఉంది. అక్కడ పట్టుకుని ఉంటే వాడు అక్కడే నిలబడేవాడేమో.

ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కణాలు ఇచ్చే ముందు అయిదు రోజులు ఇంజెక్షన్లు వేశారు. నడుము, తుంటి ఎముకలు లోపల నుంచి పిండినట్టు నొప్పి. అయినా ఏ రోజూ బాధ అనిపించలేదు, తమ్ముడికి ప్రాణం పోస్తున్నాననే అనుకున్నాను. ఈ జబ్బు పేరు విన్నాక ఇంటికొచ్చి చదివాను. పిల్లలు పుట్టిన ఆడవాళ్ళు మగవాళ్ళకి దాతలైతే జీవీహెచ్‌డీ అవకాశం కొంచెం ఎక్కువని తెలిసింది. నాకు ఇద్దరు పిల్లలు. అన్నం సహించలేదు కొన్నాళ్ళు. ఆ క్యాన్సర్‌ని మళ్ళీ రానివ్వకుండా కాపలా కాస్తున్నదీ అవే కణాలమ్మా, పూర్తి మ్యాచ్ నువ్వొక్కదానివే ఉన్నావు అని ఊపిరితిత్తుల డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు. ఆ పది నిమిషాల మాట నాకు ఎంత మేలు చేసిందో ఆయనకి తెలియదు. దాతలతో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి సార్, మేడమ్. మేం అడగలేం. అడిగితే రోగి ముందు మన బాధేంటి అనుకుంటారని భయం.

ఇప్పుడు వాడు ఇన్‌హేలర్ వాడుతున్నాడు, జీవీహెచ్‌డీని అణిచే రుక్సోలిటినిబ్ వేసుకుంటున్నాడు. స్టెరాయిడ్ చాలా వరకు తగ్గించారు. ఎఫ్‌ఈవీ1 రెండేళ్ళుగా 1.4 దగ్గర నిలబడి ఉంది. ఊర్లో నాయిన పేరు మీదున్న ప్లాటు మార్పిడికే అమ్మేశాం, ఈ మందులకి అమ్మ నగలు పోయాయి. ఇంట్లో అరచేతిలో పట్టే చిన్న స్పైరోమీటర్ కొన్నాం. ప్రతి ఆదివారం టిఫిన్‌కి ముందు మూడుసార్లు ఊదుతాడు, అన్నింట్లో మంచి అంకె నోట్‌బుక్‌లో రాస్తాను. వరసగా రెండు వారాలు 10 శాతం తగ్గితే ఫోన్ చెయ్యమన్నారు. ఇంతే పని. ఏడో తరగతి పిల్లాడు కూడా చేయగలడు.

అజిత్రోమైసిన్ గురించి ఇక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే మన దగ్గర అది చాక్లెట్ లాగా దొరుకుతుంది. బీఓఎస్ వచ్చినవాళ్ళకి మోంటెలుకాస్ట్ అనే ఆస్తమా మందు, పీల్చే స్టెరాయిడ్‌తో పాటు డాక్టర్లు దాన్ని వాడిన పద్ధతి ఒకటుంది. కానీ జబ్బు రాకముందే రాకుండా ఉండడానికని ఇచ్చి చూసిన ఫ్రాన్స్ పరిశోధనలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువైంది. 2017లో అది బయటికొచ్చింది, 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. మార్పిడి చేయించుకున్నవాళ్ళు దగ్గు వచ్చిందని మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకూడదని డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి, ఉర్దూలో కూడా రాయండి.

ఇంటి విషయాలు కూడా అంతే. మాకు చెప్పిన జాగ్రత్తలన్నీ తిండి గురించే. గాలి గురించి ఒక్కటీ లేదు. అమ్మ బాల్కనీలో పావురాలకి రోజూ జొన్నలు వేసేది. ఎండాకాలం కూలర్ గడ్డి బూజు పట్టినా నీళ్ళు పోసి తిప్పేవాళ్ళం. పక్క ప్లాట్‌లో పాత ఇల్లు కూలగొడుతుంటే కిటికీలు తెరిచే పెట్టాం. శుక్రవారం సాంబ్రాణి, బోనాలకి మైసాక్షి పొగ సరే సరి. ఇవన్నీ తెలిశాక ఆపేశాం. పావురాలకి గింజలు మానేసిన మొదటి వారం అమ్మ బాల్కనీ తలుపు దగ్గర నిలబడి, "అవి నన్ను చూస్తున్నయ్ బిడ్డా" అని కళ్ళు తుడుచుకుంది. కొడుకు కోసం ఆపింది. ముందే చెప్పి ఉంటే ముందే ఆపేది. మృగశిర కార్తె రాగానే మేనత్త ఫోన్ చేసి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి తీసుకుపోయి చేప మందు వేయించమంది. ఆమె ప్రేమతోనే చెప్పింది. ఆయాసం అనగానే ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో వచ్చే మాటే అది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న మనిషి ప్రాణమున్న పచ్చి చేపని మింగడం, పైగా అంత జనంలో గంటలు నిలబడడం ఎంత ప్రమాదమో ఆమెకి ఎలా తెలుస్తుంది? మేం వద్దన్నామని ఇప్పటికీ ఆమెకి కొంచెం కోపమే. అదే మాట ఒక డాక్టర్ నోటి నుంచి వస్తే వినేది.

ఇక నేను అడిగేది చెప్తాను.

డాక్టర్లకు: మార్పిడికి ముందు చేసే పీఎఫ్‌టీ రిపోర్టు కాపీ ఇంటివాళ్ళ చేతికి ఇవ్వండి, ఆ అంకె డిశ్చార్జి కాగితం మీద రాయండి. దాత కణాలు తీసుకున్న ప్రతి ఒక్కరికీ, దగ్గు ఉన్నా లేకపోయినా, రెండేళ్ళ పాటు మూడు నెలలకోసారి స్పైరోమెట్రీ తేదీలు ముందే ఇచ్చేయండి. కళ్ళలో, నోట్లో, చర్మం మీద జీవీహెచ్‌డీ కనిపించినవాళ్ళని ఇంకా తరచుగా చూడండి. మెట్లెక్కేటప్పుడు ఎక్కడైనా ఆగుతున్నారా అని రోగిని కాదు, ఇంట్లోవాళ్ళని అడగండి. థలసీమియాకి మార్పిడి చేయించుకునే చిన్నపిల్లలు మన నగరంలో ఉన్నారు. అయిదారేళ్ళలోపు పిల్లలు ఆ గొట్టంలో సరిగ్గా ఊదలేరు. వాళ్ళకి మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు కొలిచే ఆసిలోమెట్రీ అనే పరీక్ష ఉంది. అది ఎక్కడ చేస్తారో ఆ తల్లిదండ్రులకి చెప్పండి.

ఆరోగ్యశ్రీ అధికారులకు: 2007లో ఈ పథకం మొదలైనప్పటి నుంచి ఎన్ని పేద కుటుంబాలు ఆసుపత్రి గడప తొక్కగలిగాయో మా స్కూలు పిల్లల ఇళ్ళలోనే చూశాను. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలు చేశారు, సంతోషం. మార్పిడి తర్వాత రెండేళ్ళ ఊపిరితిత్తుల పరీక్షలని, అవసరమైతే సీటీని, బీఓఎస్ అని తేలినవాళ్ళ మందులని ఏ కుటుంబమూ సొంతంగా పెట్టుకోనక్కర్లేకుండా చూడండి. ఒక్క స్పైరోమెట్రీ ఖర్చెంత, ఊపిరి పోయాక జీవితాంతం వాడే మందుల ఖర్చెంత, మీ దగ్గర లెక్కలున్నాయి, వేసి చూడండి. మాటిమాటికీ ఆదిలాబాద్ నుంచో ఖమ్మం నుంచో ఒక గొట్టంలో ఊదడానికి హైదరాబాద్ రావడం ఎవరివల్లా కాదు. ఇప్పుడు జిల్లాకో మెడికల్ కాలేజీ ఉంది. ఆస్తమా రోగులకి వాడే మిషనే దీనికీ సరిపోతుంది. అక్కడ ఊదిస్తే, ఆ అంకె ఇక్కడి డాక్టర్ ఫోన్‌కి చేరితే చాలు. ఇంట్లో వాడే చిన్న స్పైరోమీటర్లు కొన్ని ఆసుపత్రిలో పెట్టుకుని, రెండేళ్ళకి అరువుగా ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు. నోట్లో పెట్టే గొట్టం మాత్రం ఎవరిది వాళ్ళకే కొత్తది ఇవ్వాలి.

తమ్ముడి మొదటి రిపోర్టు నుంచి మొన్నటి ఆదివారం అంకె దాకా అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. పేరు తీసేసి ఎవరికైనా చూపిస్తాను. మీ మీటింగ్‌కి పిలిస్తే స్కూలుకి సెలవు పెట్టి వస్తాను, వాడూ వస్తానన్నాడు. రెండు అంతస్తులు పైకైతే లిఫ్ట్ ఉందో లేదో ముందు చెప్పండి.

ఇట్లు,
ఒక దాత
ఉప్పల్, హైదరాబాద్